ముప్పై మూడు గంటల గుడ్డు

సత్రం ధర్మకర్తలు వెనక భాగం కాలేజీకి ఇచ్చేటప్పుడు పెట్టిన షరతు ఒక్కటే. ఆ కప్పు కిందికి కోడిగుడ్డు రాకూడదు. కప్పల సంగతి అడిగితే, కప్పను ఎవరు తింటారు, కోసుకోండి అన్నారు. బొద్దింకలకూ అడ్డు చెప్పలేదు. గుడ్డు మాత్రం తినే వస్తువు, నీచు, అది లోపలికొస్తే వంటసాల మైలపడుతుంది. అందుకని జువాలజీ వాళ్ల గుడ్లు పెరట్లో సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డులో ఉండాలి. అక్కడే పగలగొట్టి, లోపలి పిండాన్ని గాజుగిన్నెలోకి తీసుకున్నాక ఆ గిన్నె లోపలికి రావచ్చు. పెంకులో ఉంటే మైల, గాజులోకి ఎక్కితే చదువు. ఈ ధర్మసూక్ష్మం ఎవరు కనిపెట్టారో గానీ నంద్యాలలో దాన్ని కాదన్నవాడు లేడు. ల్యాబు అటెండరు జకరయ్య అసలే కాదనలేదు. మూడేళ్లుగా టెంపరరీగా ఉన్నవాడికి కాదనే నోరు ఎక్కడిది?

యాభై ఏడో సంవత్సరం ఏప్రిల్ నెల. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు బీయస్సీ పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. తిరుపతి నుంచి ఎగ్జామినరు వస్తున్నాడు. పన్నెండు మంది పిల్లలు, మనిషికొక గుడ్డు. అది పెట్ట కింద సరిగ్గా ముప్పై మూడు గంటలు పొదిగిన గుడ్డయి ఉండాలి. ఆ గంటకు పిండంలో అన్నిటికంటే పై పొర చేసే విచిత్రం కంటికి కనపడుతుంది. మొదట అది అప్పడంలా పలచగా పరుచుకొని ఉంటుంది. నడుమ కొంత మేర మందమై, రెండంచులూ పైకి లేచి, కజ్జికాయ అంచులు నొక్కినట్టు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అలా ఏర్పడిన గొట్టమే మెదడు, వెన్నుపాము. మడతలో చేరనిది చర్మంగా మిగిలిపోతుంది. గొట్టం ముందరి కొసన అటొకటి ఇటొకటి బుడిపెలు లేస్తే అవి కళ్లకు మొదలు. ఒక పూట ముందు చూస్తే మడత మూసుకోదు. ఒక పూట దాటితే తల వంగి, నెత్తురు పాకి, పరీక్ష రాసే పిల్లలకు ఏదేమిటో తెలియదు.

జకరయ్య మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. మిగతాదంతా పళ్లెం పట్టుకొని క్లాసు గుమ్మంలో నిలబడి విన్నదే. విన్నదాంట్లో సగం మరిచిపోయేవాడేమో గానీ గుడ్డు సంగతి మరిచిపోలేదు. గుడ్లు వాళ్లింటివి. ఆళ్లగడ్డలో అతని భార్య కృపావరం కోళ్లు పెంచుతుంది. ఆమె దగ్గర పన్నెండు గుడ్లు తీసుకెళ్లి పొదగేస్తే పన్నెండు పిల్లలు లేస్తాయని పేటంతా చెప్పుకుంటారు. బజారు గుడ్డయితే పుంజు తొక్కిందో లేదో ఎవరికి తెలుసు? అందుకే కాలేజీ గుడ్లు ఆళ్లగడ్డ నుంచి వచ్చేవి. ఈసారి ముప్పై గుడ్లు పరీక్షకు వారం ముందు బుధవారం నాడే ఊకగంపలో పెట్టి, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకొని తెచ్చి షెడ్డులో దించాడు. వచ్చే మంగళవారం తెల్లవారి అయిదింటికి, కాలేజీ పెరట్లో గంపల్లో ఉంచిన రెండు పొదుగు పెట్టల కింద పెడితే బుధవారం రెండింటికి లెక్క సరిపోతుంది. ఈ పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ఆర్డరు టైపు కూడా అయింది, సంతకమే తరువాయి. ఆ సంతకం గురించి తలుచుకుంటే జకరయ్యకు అన్నం దిగడం లేదు.

శనివారం మధ్యాహ్నం జువాలజీ హెడ్డు మహానందయ్య గారు షెడ్డులోకి వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పాఠం బాగా చెబుతారు, పిల్లల మీద చెయ్యి చేసుకోరు. కానీ పరీక్షలంటే ఆయనకూ భయమే, భయపడిన పెద్దమనిషి పక్కన నిలబడటం కంటే గిత్త పక్కన నిలబడటం నయం. ఒక గుడ్డు పగలగొట్టి చూద్దాం, ఇంకా పెట్ట కింద పెట్టలేదు కాబట్టి పచ్చసొన మీద తెల్లచుక్క తప్ప ఏమీ ఉండకూడదు అన్నారు. జకరయ్య గోరువెచ్చటి ఉప్పునీళ్ల గిన్నె పట్టుకున్నాడు. గుడ్డు పగిలింది. తెల్లచుక్క లేదు. మీగడ రంగు పొర రూపాయి బిళ్లంత మేర పరుచుకుంది, నడుమ గీత, అంచున ఎర్రటి చుక్కలు. రెండోది పగలగొట్టారు. దానిలోనూ అంతే. మూడోదానిలో పిండం సగం మడతపడి, అక్కడే చచ్చి, నల్లగా ముడుచుకొని ఉంది.

"ఏందిరా ఇది?" అన్నారు మహానందయ్య గారు. "పొదుగుతాండే పెట్ట కింద నుంచి తీసిన గుడ్లు ఇచ్చింది నీ పెండ్లాం."

సోమవారం పొద్దుటికి మంచి గుడ్లు తెస్తే సరి, లేకపోతే మంగళవారం నుంచి రావద్దని చెప్పి ఆయన వెళ్లిపోయారు. మిగిలిన గుడ్లు పెరటి గోడవతల గుంట తీసి పూడ్చాడు జకరయ్య. పెట్ట కింద పెట్టని గుడ్డులో మడత ఎలా పడుతుంది? పడింది మరి, తన కళ్లతో చూశాడు. సారు ఎమ్మెస్సీ చదివినవాడు. కృపావరం అలా చేసే మనిషి కాదు. కానీ మొన్న ఒక పెట్టను పాము కొట్టిందని చెప్పింది. ఆ పెట్ట కింద ఉన్న గుడ్లు ఏం చేసింది? అడగలేదు తాను. ఆ అడగని మాట మనసులో పురుగులా తొలిచింది.

మర్నాడు మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాడు. ఆదివారం. పేటలో జనం తెల్లగుడ్డలు కట్టుకొని చర్చికి బయలుదేరుతున్నారు. కృపావరం గుమ్మంలో నిలబడి తల దువ్వుకుంటోంది. పక్కింటి జయమ్మ పొదగేయడానికి గుడ్లు కావాలని చిన్న గంప పట్టుకొని వచ్చి ఉంది. ఇంకా ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కృపావరంతో కలిసి చర్చికి పోదామని వీధిలో ఆగారు. జకరయ్య వాళ్లు పోయేదాకా ఆగాల్సింది. ఆగలేదు.

"ఏం గుడ్లిచ్చినావు మే నాకు? పొదిగే గుడ్లు తీసిచ్చినావంట. ఆడ నా ఉద్యోగం పోతాంది."

దువ్వెన జుట్టులోనే ఆగింది. "ఎవురు చెప్పినారు?"

"సారు చెప్పినాడు."

"సారు సంగతి సరే. నువ్వేమనుకుంటాండావు?"

జకరయ్య నేలకేసి చూశాడు. మూడు పగలగొట్టినామని, మూడూ అట్లే ఉన్నాయని, ఇంక తానేమనుకోవాలని గొణిగాడు. పాము కొట్టిన పెట్ట గుడ్లు ఏమయ్యాయని కూడా అడిగాడు. జయమ్మ గంప చంకనెత్తుకొని, తనకు ఇప్పుడేం తొందర లేదులే అంటూ జారుకుంది. మిగతావాళ్లూ ఆమె వెంటే కదిలారు. చర్చి దాకా ఆ మాట ఎలా నడుస్తుందో జకరయ్యకు తెలుసు, అయినా నోరు జారాక ఏం లాభం.

కృపావరం ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి పోయి, నీళ్లకుండ కింద తడి ఇసుకలోంచి ఒక గుడ్డు తీసుకొచ్చి, సత్తుపళ్లెంలో పగలగొట్టి అతని ముందు పెట్టింది. పచ్చసొన నిండుగా, గుండ్రంగా నిలబడింది. మీద గసగసాల గింజంత తెల్లచుక్క. అది మొన్న బుధవారం అతనికిచ్చిన గుడ్లతో పాటు ఏరిందే. పాము కొట్టిన పెట్ట గుడ్లు ఆ రోజే పెంటలో పారేసింది, కావాలంటే పోయి పెంకులు ఏరుకోమంది.

"ఆడ యాడ పెట్టినావు గుడ్లు?"

"రేకుల షెడ్డులో."

"పగలంతా?"

"పగలూ రాత్రీ. మూడు దినాలు."

"ఈ ఎండలకు రేకుల కింద మనిషే ఉడుకుతాడు. ఇంగ పెట్ట ఎందుకు ఆడ? రేకులే పొదిగినాయి."

జకరయ్యకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే సిగ్గు వచ్చింది. ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదు, సారుకు తట్టలేదు, కోళ్ల వెనక తిరిగే ఆడమనిషికి తట్టింది. ఏదో అనాలనుకున్నాడు. కానీ పదింటి బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమే. ఆ తొందరలో అతని నోటి నుంచి వచ్చిన మాట, ఇంకో రెండు డజన్లు ఇయ్యమని. ఎంత మొండి మొహమైనా అలా అడగడానికి జంకుతుంది. అతను అడిగాడు.

ఆమె ఇచ్చింది. ఒక్కొక్క గుడ్డునూ తలుపు సందులోంచి పడే ఎండకు ఎత్తి చూసి, వేళ్ల మధ్య తిప్పి, తడి ఇసుక పోసిన కుండలో సన్నకొస కిందికి ఉండేలా గుచ్చింది. ఇరవై నాలుగు. బస్సు వైపు నడుస్తూ జకరయ్య వెనక్కి చూస్తే, ఆమె తెల్లచీర విప్పేసి పాతచీరతో కోళ్లకు నూకలు చల్లుతోంది. చర్చి గంట కొడుతూనే ఉంది. పరీక్ష కానీ, తర్వాత చెప్దాం అనుకున్నాడు.

నంద్యాలలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. షెడ్డు గడియ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కుండను చంకలో పెట్టుకొని పెరడంతా తిరిగాడు. చింతచెట్టు నీడలోనూ వేడిగాలే. సత్రం మొత్తంలో చల్లని చోటు ఒక్కటే, దారిన పోయేవాళ్లకు దాహం తీర్చే నీళ్లగది. మట్టి గోడలు, చిన్న కిటికీ, మోకాలెత్తు తడి ఇసుకలో బారుగా ఎనిమిది పెద్ద కుండలు. రామేశ్వరమ్మ అనే కోమట్ల ముసలావిడ కిటికీ దగ్గర కూర్చొని రాగిచెంబుతో నీళ్లు పోస్తుంది. సత్రంలోనే ఒక మూల ఆమెకు పడక, పూటకింత అన్నం. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా అదే ఆమె బతుకు. జకరయ్యకూ పోస్తుంది, చెంబు తగలకుండా జానెడెత్తు నుంచి, దోసిట్లోకి.

అతను మూడుసార్లు కిటికీ దగ్గరికి వచ్చి మూడుసార్లు వెనక్కి పోయాడు. నాలుగోసారి ఆమే పిలిచి, ఆ కుండలో ఏముందని అడిగింది. విత్తనాలని చెప్దామనుకున్నాడు. ఆమె మొహం చూస్తే అబద్ధం ఆడబుద్ధి కాలేదు. గుడ్లని చెప్పి, షెడ్డు సంగతి, ఉద్యోగం సంగతి, పెండ్లాన్ని వీధిలో నిలబెట్టిన సంగతి కూడా కక్కేశాడు. ఆమె కోపగించుకుంటుందని చూశాడు. ఆమె అడిగింది వేరు. పిల్ల కూడా కాని గుడ్డులో చదువుకునేదేముంటుందని అడిగింది.

"మొదట పొరలుంటాయమ్మా. అన్నిటికంటే పైపొర మడతబడి లోపలికి పోతే అది మెదడు. బయట మిగిలిపోయింది తోలు, ఈకలు, గోర్లు."

"మెదడూ తోలూ ఒకే పొరా?"

"ఒకటేనమ్మా. మడతలో పడిందా, బయట నిలిచిందా అనేదే తేడా."

"మనుషులకూ?"

"మనుషులకూ అంతేనంట. సారు పాఠంలో చెప్తాడు."

రామేశ్వరమ్మ కుండను పట్టుకున్న అతని చేతుల వైపు చాలాసేపు చూసింది. వీధిలో ఎవరూ లేరు. ఆమె లేచి వెనక తలుపు గడియ తీసింది. ఆ మూల కుండ వెనక ఇసుక తవ్వి పెట్టుకోమంది.

"నేను లోపలికి రాగూడదు గదమ్మా."

"గుడ్డూ రాగూడదు. ఇద్దరూ ఒకేసారి రాండి."

జకరయ్య గడప దాటాడు. ఇసుకలో చేతులు పెడితే మోచేతుల దాకా చల్లదనం ఎక్కింది. ఇరవై నాలుగు గుడ్లు పూడ్చి, పైన చదును చేసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాడు.

సోమవారం పొద్దున్నే హెడ్డు గారితో గుడ్లు వచ్చాయని చెప్పాడు. చూపించమని ఆయన అడగలేదు, ఆయన తల పరీక్ష కాగితాల్లో ఉంది. ఆ దినమంతా జకరయ్య నీళ్లగది కనపడే చోటే ఏదో పని కల్పించుకొని తిరిగాడు. తుడిచిన గాజుపలకలే తుడిచాడు. పదకొండింటికి సత్రం మేనేజరు హనుమంతయ్య వచ్చి, రెండు చెంబుల నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, ఇసుక పాతబడింది, ఈరోజే కుండలు తీయించి మార్పిస్తానన్నాడు. జకరయ్య చేతిలో గాజుపలక పుటుక్కున విరిగింది. ఉద్యోగం పోతే పోయింది, ఈ ముసలావిడ అన్నం కూడా పోతుందే అనుకున్నాడు. రామేశ్వరమ్మ మాత్రం చెంబు తోముతూ, మంగళవారానికి ముందటి దినం నీళ్లకుండ కదిలిస్తే ఇంటికి మంచిది కాదని, బుధవారం దాటినాక చూద్దామని తాపీగా చెప్పింది. అలాంటి ఆచారం ఈ భూమ్మీద ఉందో లేదో గానీ, తనకు తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక హనుమంతయ్య తలాడించి వెళ్లిపోయాడు.

మంగళవారం తెల్లవారి అయిదింటికి గుడ్లు ఇసుకలోంచి లేచి రెండు పెట్టల కిందికి చేరాయి. గంపలను షెడ్డులో పెట్టలేదు. చింతచెట్టు కింద, చుట్టూ తడి గోనెలు కట్టి పెట్టాడు. గంటకొకసారి గోనెల మీద నీళ్లు చల్లుతూ, పెట్ట లేస్తే మళ్లీ కూర్చోబెడుతూ, ఆ పగలూ రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే కాపు కాశాడు. పెట్ట రెక్క కిందికి చెయ్యి పోనిచ్చి వేడి చూసినప్పుడల్లా ఆ పలచటి పొర ఇప్పుడు ఎక్కడిదాకా లేచి ఉంటుంది, అంచులు కలిసి ఉంటాయా అని ఆలోచించేవాడు.

బుధవారం రెండింటికి పిల్లలు ముగ్గురు ముగ్గురుగా షెడ్డు నీడలో గుడ్లు పగలగొట్టారు. జకరయ్య మొదటి గిన్నెలోకి తొంగిచూశాడు. సొన మీద సన్నటి పారదర్శకమైన గొట్టం, ముందు కొసన ఉబ్బిన మెదడు, దానికి అటొకటి ఇటొకటి రెండు బుడిపెలు, కింద గుండె మినుక్కుమినుక్కుమంటూ ఉంది. రెండోది అలాగే ఉంది. మూడోది అలాగే ఉంది. పన్నెండు గుడ్లలో పదకొండు లెక్కకు సరిగ్గా వచ్చాయి. పాడైనదానికి బదులు ఇంకోటి దొరికింది. ఎగ్జామినరు మైక్రోస్కోపు దగ్గర వంగి, ఇంత తేటైన ముప్పై మూడు గంటల పిండాలు తాను పెద్ద కాలేజీల్లో కూడా చూడలేదన్నాడు. మహానందయ్య గారి మొహం వెలిగిపోయింది. ముందు ఈ అటెండరు భార్య దొంగ గుడ్లు అంటగట్టిందని, తాను సమయానికి పసిగట్టి మార్పించానని ఆయన నవ్వుతూ చెప్పారు. జకరయ్య పళ్లెం పట్టుకొని పక్కనే ఉన్నాడు. ఎగ్జామినరు అతని వైపొకసారి చూసి, మళ్లీ మైక్రోస్కోపులోకి వంగాడు.

అయిదింటికి పరీక్ష ముగిసి, ఎగ్జామినరు వెళ్లాక, హెడ్డు గారు తన గదికి పిలిచారు. టేబులు మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆర్డరు. దాని మీద ప్రిన్సిపాలు సంతకం అయిపోయింది. రెండోది ఆయన చేతిరాత. రెండోసారి గుడ్లు ఎందుకు తెప్పించాల్సి వచ్చిందో ప్రిన్సిపాలు అడిగారట. "నా భార్య కృపావరము పొదుగు గుడ్లను మోసముతో ఇచ్చినందున మొదటి గుడ్లు చెడినవి. హెడ్డు గారు కనిపెట్టి మందలించగా మంచివి తెచ్చితిని." కింద సంతకం పెట్టేసి ఆర్డరు తీసుకుపొమ్మన్నారు. గొంతులో కోపం లేదు, ఆప్యాయంగానే అన్నారు. మాటల మధ్యలో, నీళ్లగది నుంచి తెప్పించుకున్న గ్లాసులో మిగిలిన నీళ్లు తాగారు.

జకరయ్య కలం తీసుకున్నాడు. ఈ కాగితం ఫైలులోకి పోతుంది, ఫైలు బీరువాలోకి పోతుంది. ఆళ్లగడ్డలో దీన్ని చదివేదెవరు? ఉద్యోగం వస్తే ఆమె కూడా నంద్యాలకు వస్తుంది, ఇద్దరూ ఒకచోట ఉండొచ్చు. ఇదంతా ఆమె కోసం కూడా కదా. కలం కొస కాగితం మీద ఆనించాడు. నువ్వేమనుకుంటాండావు అని ఆమె అడిగింది గుర్తొచ్చింది. దానికి తాను ఇవ్వాల్సిన జవాబు ఇంకా ఇవ్వనేలేదు. ఇప్పుడు రాతలో ఇవ్వబోతున్నాడు.

"గుడ్లు మంచివే సార్," అన్నాడు, కలం కింద పెట్టి.

"మంచివైతే అట్లెందుకు తయారైనాయి?"

"షెడ్డు వేడికి సార్. రేకులు పొదిగినాయి."

మహానందయ్య గారు తలెత్తారు. తెలివైన మనిషి, వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక మొహం గట్టిపడింది. "అంటే తప్పు నాదని రాయాల్నా?"

"ఎండదని రాయండి సార్, నాకేం పర్లేదు. నాదని రాసినా పర్లేదు. మా ఆడమనిషి పేరు మాత్రం వద్దు."

"మరి రెండో తడవ గుడ్లు యాడ పెట్టినావు?"

"చల్లని చోట సార్."

"యాడ?"

"అది మాత్రం అడగొద్దు సార్."

హెడ్డు గారు అతని మొహంలోకి చూశారు. తర్వాత చేతిలో గ్లాసు వైపు చూశారు. సత్రంలో చల్లని చోట్లు ఎన్నున్నాయో ఆయనకు తెలియదా? గ్లాసును మెల్లగా టేబులు చివరికి జరిపారు. అరుస్తారనుకున్నాడు జకరయ్య. అరవలేదు. అరిస్తే గుడ్ల సంగతి బయటికొస్తుంది, షెడ్డు సంగతీ బయటికొస్తుంది. రెండు కాగితాలనూ సొరుగులోకి తోసి తాళం వేసి, ప్రిన్సిపాలుతో మాట్లాడి చెప్తానన్నారు. రేపటి నుంచి రావాల్నా సార్ అని జకరయ్య అడిగితే, చెప్తానన్నాను కదా అన్నారు. అంటే ఏమిటో మూడేళ్లు టెంపరరీగా పనిచేసినవాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. పేట వీధిలో జయమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ నీళ్లబిందెలు దించుకొని మాట్లాడుకుంటున్నారు. కృపావరం తన గుమ్మంలో కూర్చొని జొన్నలు చెరుగుతోంది. ఆ ముచ్చట్లలో ఆమె లేదు. ఆదివారం నుంచి ఒక్కరూ గుడ్లకు రాలేదని తర్వాత తెలిసింది. జకరయ్య వీధి నడుమ నిలబడ్డాడు. ఆదివారం ఎంత గొంతుతో అన్నాడో అంత గొంతు ఇప్పుడు రావడం లేదు. అయినా తెచ్చుకున్నాడు.

"వినండమ్మా. మా కృపావరమిచ్చిన గుడ్లు మంచివి. నేను ఎండలో పెట్టి చెడగొట్టినా. ఆ దినం నేనన్నది తప్పు."

జయమ్మ బిందె చంకనెత్తుకుంటూ, ఆ సంగతి తనకు అప్పుడే తెలుసని అబద్ధమాడి, రేపు పొద్దున పన్నెండు గుడ్లకు వస్తానంది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జకరయ్య వచ్చి గుమ్మం పక్కన కూలబడ్డాడు. కృపావరం చెరగడం ఆపలేదు. ఆర్డరు సంగతి అడిగింది. సొరుగులో ఉందని, ఎందుకు ఉండిపోయిందీ అంతా చెప్పాడు.

"సంతకం పెట్టింటే వచ్చుండేది," అంది.

"వచ్చుండేది."

చాటలో జొన్నలు నాలుగుసార్లు ఎగిరి పడ్డాయి. పొట్టు వీధిలోకి పోయింది.

"సారుకు చెప్పినావు. పేటకంతా చెప్పినావు," అంది కృపావరం. "నాకు చెప్పలే."

చాట కింద పెట్టి, చేతులు దులుపుకొని, ఆమె అతని వైపు తిరిగి కూర్చుంది.